దాణా బస్తాలో బూజు, చెంబులో పాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాలు, గుడ్లు, రొయ్యల్లో విషాల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు చివరికి దాణా దగ్గరే తేలాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబు రాశాం.

ప్రశ్న: పోయిన నెల పాల కేంద్రంలో మా పాలు తిప్పి పంపారు. వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘన పదార్థాలు) రెండూ బాగానే వచ్చాయి. "అఫ్లటాక్సిన్ ఎం1 ఎక్కువుంది" అన్నారు. మేం చుక్క నీళ్లు కూడా కలపలేదు. ఆవులు శుభ్రంగా మేస్తున్నాయి. అసలు ఇదేమిటి? కాచితే పోదా?
— పాడి రైతు, అనంతపురం జిల్లా

జవాబు: మీరు కలపలేదు, నిజమే. అది దాణాలోంచి ఆవు ఒంట్లోకి, అక్కణ్నుంచి పాలలోకి వచ్చింది.

వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క, మొక్కజొన్న చెమ్మగిల్లితే పసుపు కలిసిన పచ్చ రంగు బూజు పడుతుంది. ఆ బూజు పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. అది విడిచే విషాల్లో అన్నిటికన్నా చెడ్డది అఫ్లటాక్సిన్ బి1. ఆవు కాలేయం ఈ బి1ను ఎం1గా మార్చి పాలలోకి వదులుతుంది. తిన్న దాంట్లో మామూలుగా నూటికి ఒకటి రెండు వంతులు, బాగా పాలిచ్చే ఆవుల్లో ఆరు వంతుల దాకా పాలలోకి దిగుతుంది. ఈ మోతాదులో పెద్ద ఆవుకు పైకి ఏమీ కనపడదు. అందుకే "ఆవులు బాగానే ఉన్నాయి" అన్న మాట ఇక్కడ రుజువుగా పనికిరాదు.

లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. మన దేశంలో పాలకు ఎం1 పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు. పశుదాణాకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఐఎస్ 2052 ప్రకారం బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదు. వ్యాపారంలో దీన్నే 20 పీపీబీ అంటారు. ఆవు రోజుకు 5 కిలోల దాణా తిని 10 లీటర్లు ఇస్తోందనుకుందాం. 20 పీపీబీ దాణా అయితే కడుపులోకి 100 మైక్రోగ్రాములు వెళ్తాయి. అందులో రెండు శాతం, అంటే 2 మైక్రోగ్రాములు పాలలోకి వస్తాయి. లీటరుకు 0.2. గండం గడిచినట్టే. కానీ ఆ దాణా మీద పాలు పెరుగుతాయని రోజూ ఓ కిలో వేరుశనగ చెక్క విడిగా వేశారనుకోండి, ఆ చెక్కలో 300 పీపీబీ ఉందనుకోండి. ఆ ఒక్క కిలోతోనే ఇంకో 300 మైక్రోగ్రాములు కలిసి, పాలలో లీటరుకు 0.8 అవుతుంది. మంచి కంపెనీ దాణా వాడే ఇళ్లలోనూ పాలు తిరిగొచ్చేది ఎక్కువగా ఇలాగే: పైన వేసే చెక్క వల్ల.

కాచితే పోదు. పాశ్చరైజ్ చేసినా పోదు. వంటింటి వేడి దానికి చాలదు.

మంచి సంగతి ఒకటుంది. చెడ్డ మేత ఆపితే మూడు నుంచి ఐదు రోజుల్లో పాలు శుభ్రపడతాయి. కాబట్టి ఇవాళే చెక్క మానేయండి. కానీ ఆ బస్తాలోంచి కిలో తీసి, తేదీ రాసి, పొడి సంచిలో పెట్టుకోండి. అమ్మినవాడితో మాట్లాడాలంటే మీ చేతిలో ఉండేది అదొక్కటే. ఆరో రోజున కేంద్రంలో స్ట్రిప్ పరీక్ష మళ్లీ చేయించమని అడగండి. అప్పటికీ తగ్గకపోతే దోషం వేరుశనగ చెక్కది కాదు. మొక్కజొన్న నూక, తౌడు, పత్తి చెక్క ఒక్కొక్కటే ఐదేసి రోజులు ఆపి చూడండి. అన్నీ ఒకేసారి ఆపితే పాలు పడిపోతాయి, దొంగ మాత్రం దొరకదు.

ప్రశ్న: కల్లంలో ఉండగా మొక్కజొన్న రెండుసార్లు తడిసింది. కొంత బూజు పట్టింది. బాగా ఎండబెట్టి బర్రెలకు పెట్టొచ్చా? పోనీ కోళ్లకు?
— మహిళా రైతు, కరీంనగర్ జిల్లా

జవాబు: ఎండకు బూజు పెరగడం ఆగుతుంది, బూజు విడిచిన విషం మాత్రం పోదు. గింజ తెల్లగా, శుభ్రంగా కనపడుతూనే విషం ఉండొచ్చు. కోళ్లకైతే ఇంకా ముప్పు. కోడిపిల్లల కాలేయం దెబ్బతింటుంది, పెట్టల గుడ్లు తగ్గుతాయి. బాతులు అన్నిటికన్నా సున్నితం. అసలు ఈ విషం లోకానికి తెలిసిందే 1960లో, ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినప్పుడు. వాటి దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్కలో అది దొరికింది.

"మనుషులం తినేద్దాం" అనీ అనుకోవద్దు. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో వానకు తడిసిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా కామెర్లతో చనిపోయారు. ఆ ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలూ పోయాయి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే దాని మూలం తేల్చారు. 1995లో దక్కన్ పల్లెల్లో తడిసిన జొన్న, మొక్కజొన్న తిన్నవాళ్లకు కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. అది ఫ్యుమోనిసిన్ అనే ఇంకో బూజు విషం.

బూజు కళ్లకు కనపడుతున్న భాగాన్ని విడదీసి ఏ పశువుకూ పెట్టకుండా పూడ్చేయండి. చుట్టూ ఉన్న గింజకు పరీక్ష చేయిస్తే తప్ప నమ్మకం లేదు.

వచ్చే పంటకు ఈ ఉప్పు పరీక్ష గుర్తుంచుకోండి. మూతున్న గాజు సీసా తీసుకుని, లోపల తడి లేకుండా తుడవండి. ఉప్పును పెనం మీద వేయించి చల్లార్చండి. సీసాలో మూడో వంతు గింజలు పోసి, రెండు మూడు పెద్ద చెంచాల ఉప్పు వేసి, మూత పెట్టి ఒక నిమిషం గట్టిగా ఊపండి. పావుగంట కదపకుండా ఉంచండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజలో తేమ 15 శాతం దాటినట్టు. అంటుకోకపోతే 15 లోపు ఉందన్నమాటే గానీ నిలవకు సిద్ధమైనట్టు కాదు. కొనుగోలు కేంద్రం 14 శాతానికి తీసుకుంటుంది. ఇంట్లో నెలల తరబడి ఉంచాలంటే 12, 13కి దిగాలి. ఉప్పు అంటుకోవడం మానేశాక ఇంకో రెండు ఎండలు వేయండి.

రాత్రి టార్పాలిన్ కప్పితే పొద్దున దాని లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి. చెమట పట్టి ఉంటుంది. మంచు విడిచిన వెంటనే తీసి, కుప్ప చెదరగొట్టాలి. మధ్యాహ్నం దాకా అలాగే వదిలేస్తే ఆ చెమ్మ, ఆ వేడి కలిసి బూజుకు పురుడు పోసినట్టే. రెండు మూడు రోజులు చాలు.

బస్తాలు నేల మీద పెట్టొద్దు. జానెడు ఎత్తు చెక్క బల్లల మీద, గోడకు మూరెడు ఎడంగా పేర్చండి. గోడవారగా ఉన్న బస్తాకే ముందు ముక్క వాసన వస్తుంది.

ప్రశ్న: "టాక్సిన్ బైండర్" పొడి కలిపితే బూజు దాణా అయినా ఫరవాలేదని మందుల షాపులో చెప్పారు. నిజమేనా?
— పాడి రైతు, కృష్ణా జిల్లా

జవాబు: సగం నిజం. బెంటొనైట్ లాంటి మట్టి ఖనిజాలు పొట్టలో అఫ్లటాక్సిన్‌ను పట్టుకుని పేడతో బయటికి తెస్తాయి. పాలలో ఎం1 తగ్గుతుంది, సున్నా కాదు. ఫ్యుమోనిసిన్ లాంటి మిగతా బూజు విషాల మీద దాని ప్రతాపం అంతంత మాత్రం. యూరప్‌లో కూడా టన్ను దాణాకు 20 కిలోలు మించి కలపనివ్వరు. ప్యాకెట్ మీద రాసిన మోతాదు దాటొద్దు. మంచి దాణాకు వానాకాలంలో కాపలాగా వాడండి, చెడ్డ దాణాను అమ్ముకోవడానికి కాదు.

ప్రశ్న: వేరుశనగ వేస్తాం. ఏరేసిన తాలు గింజలు, ముక్కిన గింజలు, ముడతపడ్డవి మిల్లుకు ఇస్తాం. ఏమైనా తప్పా? ఇంట్లో గానుగ నూనె వాడతాం, అందులోనూ ఈ విషం ఉంటుందా?
— రైతు, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: అన్ని ఉత్తరాల్లోకీ మాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. చాలామంది ఈ చోటు చూడరు.

వేరుశనగలో విషం అన్ని గింజల్లో సమానంగా ఉండదు. బస్తా మొత్తంలో గుప్పెడు గింజల్లోనే గుట్టగా చేరుతుంది. అవే మీరు ఏరేసే రంగు మారినవి, ముడతపడ్డవి, పుచ్చినవి. అంటే ఏరడం వల్ల తినే పప్పు బాగుపడుతుంది, ఏరిన కుప్ప విషపు ముద్ద అవుతుంది. ఆ కుప్ప మిల్లుకు పోతుంది. అక్కడ నూనె ఒకవైపు, విషంలో ఎక్కువ భాగం చెక్కతో ఇంకోవైపు. ఆ చెక్క మళ్లీ మీ ఊరి పశువుల కుడితి తొట్టికే వస్తుంది. ఏరిన గింజలను మంచి గింజలతో కలపకుండా మిల్లు దగ్గర విడిగా ఆడించి, ఆ చెక్కను పొలానికి ఎరువుగా వేయండి. డబ్బు కొంచెం పోతుంది. అయినా అదే సరైన దారి.

గానుగ నూనెలో విషం చెక్కలో అంత ఉండదు గానీ, వడపోయని నూనెలో తేలే సన్నని నలుసులతో కొంత వస్తుంది. రిఫైనరీలో క్షారం, బ్లీచింగ్ మట్టి వాడే దశల్లో అది పోతుంది. గానుగ దగ్గర ఆ దశలు లేవు. కాబట్టి గానుగ నూనె మంచిచెడ్డలు గింజ మంచిచెడ్డలే. ఏరిన గింజ ఆడించండి, నూనెను నాలుగు రోజులు కదపకుండా తేరనిచ్చి, పైది మాత్రం మందపు గుడ్డలో వడపోసుకోండి.

పొలంలో చేయాల్సినవి: కోతకు ముందు చివరి నెల బెట్ట తగిలితే కాయ నేలలో ఉండగానే బూజు ఎక్కుతుంది. నీళ్లుంటే ఆ నెలలో ఒక్క తడైనా ఇవ్వండి. పూత, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ తొక్క గట్టిపడి కొంత కాపాడుతుంది. పీకాక మొక్కలను తిరగేసి, కాయలు పైకి ఉండేలా వరుసల్లో రెండు మూడు రోజులు ఎండనివ్వండి. కాయ చెవి దగ్గర ఊపితే గలగలమనాలి, గింజను వేళ్ల మధ్య నలిపితే పొర ఊడాలి. ఆపైనే బస్తా. గింజ విరగకుండా, తూకం తగ్గకుండా ఒలిచే ముందు కాయల మీద నీళ్లు చల్లే అలవాటు మన మండీల్లో ఉంది. అంతవరకు పడ్డ కష్టమంతా ఆ నీళ్లతో నీళ్ల పాలే.

ప్రశ్న: ప్యాకెట్ పాలు కొంటాం. పిల్లలకు పనీర్, కోవా పెడతాం. ఏది భయపడాల్సింది? ఫిర్యాదు ఎక్కడ చేయాలి?
— గృహిణి, హైదరాబాద్

జవాబు: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించింది. 5.7 శాతంలో ఎం1 పరిమితి దాటింది. కల్తీ వల్ల ప్రమాదకరంగా తేలినవి మాత్రం పన్నెండే. వాటిలో తొమ్మిది తెలంగాణవి, అది మనం తలదించుకోవాల్సిన సంగతి. అయినా లెక్క చూడండి. యూరియా, డిటర్జెంట్ గురించి మనం ఎంత మాట్లాడుకుంటాం, దాణా బూజు గురించి ఎంత మాట్లాడుకుంటాం!

ఎం1 పాల మాంసకృత్తులను అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే నెయ్యిలో చాలా తక్కువ. పనీర్‌లో కిలో లెక్కన పాలకన్నా రెండు మూడింతలు. కోవాలో నీరు తప్ప ఏమీ పోదు కాబట్టి లీటరు పాలలోది మొత్తం ఆ పావుకిలో లోపు ముద్దలోనే మిగులుతుంది. పెరుగు, మజ్జిగ పాలలాంటివే. భయపడి పాలు మానేయనక్కర్లేదు. ఒకే చోట కొనే విడి పాలు పసిపిల్లలకు పోస్తుంటే మాత్రం ఆ పాడివాళ్లు ఏ చెక్క పెడుతున్నారో ఒకమాట అడగండి.

ఫిర్యాదుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ 1800112100. ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కింద మీరే నమూనా పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే "దీన్ని పరీక్షకు పంపుతున్నాను" అని దుకాణదారుకు చెప్పాలి, రుసుము కట్టాలి. 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. సరుకు చెడ్డదని తేలితే రుసుము వెనక్కి ఇస్తారు. బూజు విషానికి ఇంట్లో చేసే పరీక్ష ఏదీ లేదు.

ప్రశ్న: చైనాలో పాలపొడిలో మెలమైన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిపారని చదివాను. ల్యాబ్ పరీక్ష చేసినా ఎందుకు దొరకలేదు?
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: ల్యాబ్ వెతికింది మాంసకృత్తులను కాదు, నత్రజనిని. కెల్డాల్ పద్ధతిలో నత్రజని కొలిచి, దాన్ని దాణాకు 6.25తో, పాలకు 6.38తో గుణించి ప్రొటీన్ అని రాస్తారు. మెలమైన్‌లో మూడింట రెండు వంతులు నత్రజనే. ఆ లెక్కన 100 గ్రాముల మెలమైన్ 400 గ్రాములు దాటిన ప్రొటీన్‌గా కనపడుతుంది. నీళ్లు కలిపిన పాలకు చిటికెడు చాలు. 2008లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు జబ్బు చేసింది, ఆరుగురు చనిపోయారు, కిడ్నీల్లో రాళ్లు. అంతకు ఏడాది ముందే, 2007లో, చైనా గోధుమ గ్లూటెన్‌తో చేసిన మేత తిని అమెరికాలో కుక్కలు, పిల్లులు అదే మెలమైన్‌తో చచ్చిపోయాయి. ముందు హెచ్చరిక పశువుల గిన్నెలోంచే వచ్చింది.

మన దాణాలో ఈ ఆట యూరియాతో ఆడతారు. యూరియాలో 46 శాతం నత్రజని, అంటే కాగితం మీద 287 శాతం ప్రొటీన్! ఆవుకు కొంచెం అరుగుతుంది కాబట్టి ప్రమాణం దాణాలో ఒక శాతం దాకా ఒప్పుకుంటుంది. దూడలకు అది విషమే. అందుకే దాణా కొనేవాళ్లు "ప్రొటీన్ 20 శాతం" అన్న అంకెతో ఆగకుండా యూరియా ఎంతని కూడా చూడాలి.

ప్రశ్న: చిన్న దాణా మిక్సింగ్ యూనిట్ పెడుతున్నాను. ఆహార భద్రత చట్టం మాకు వర్తించదని విన్నాను. కుంభకోణాలు జరిగిన దేశాల నుంచి నేర్చుకోవాల్సింది ఏమిటి?
— యువ పారిశ్రామికుడు, ఎన్టీఆర్ జిల్లా

జవాబు: 2006 చట్టం ఆహారాన్ని నిర్వచించేటప్పుడు పశుదాణాను బయట పెట్టిన మాట నిజం. కానీ ఆ కిటికీ మూసుకుంటోంది. పాడి, మాంసం పశువులకు అమ్మే దాణాకు బీఐఎస్ ప్రమాణం, గుర్తు ఉండాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో పశుదాణాకు, చేపల దాణాకు వేర్వేరు చట్టాలు తెచ్చింది. లైసెన్స్ సంగతి పశుసంవర్ధక శాఖలో ముందే కనుక్కోండి.

ఇక బెల్జియం. 1999 జనవరిలో పాత వంటకొవ్వు సేకరించే తొట్టిలోకి ట్రాన్స్‌ఫార్మర్ నూనె చేరింది. అందులో పీసీబీలు, డయాక్సిన్లు అనే విష రసాయనాలు. ఆ కొవ్వు దాణా మిల్లులకు వెళ్లి, దాణా సుమారు 2,500 ఫారాలకు వెళ్లింది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుడ్లు పొదగడం తగ్గింది. అదే మొదటి హెచ్చరిక గంట. ల్యాబ్‌లో డయాక్సిన్ అని తేలింది ఏప్రిల్ చివర్లో, జనానికి తెలిసింది మే చివర్లో. ఇద్దరు మంత్రులు రాజీనామా చేశారు, జూన్ ఎన్నికల్లో ప్రభుత్వం ఓడింది. ఆ తర్వాతే 2002లో యూరప్ ప్రతి దాణా వ్యాపారీ "ఎవరి దగ్గర కొన్నాను, ఎవరికి అమ్మాను" అన్న రికార్డు ఉంచాలని చట్టం చేసింది. అయినా 2010 చివర్లో జర్మనీలో పరిశ్రమలకు వాడాల్సిన కొవ్వు ఆమ్లాలు దాణాలో కలిసి నాలుగున్నర వేలకు పైగా ఫారాలు మూతపడ్డాయి. రికార్డు ఉంది కాబట్టి ఏ ఫారాలో వెంటనే తెలిసింది. కానీ ఒకే ప్లాంటులో రెండు రకాల కొవ్వు నడవడం ఎవరూ ఆపలేదు.

మీ యూనిట్‌కు దీన్ని దించితే ఇలా ఉంటుంది. కొవ్వు, నూనె మడ్డి, వాడేసిన వంటనూనె చవగ్గా వచ్చినా మూలం తెలియకుండా కొనొద్దు. చెక్క, మొక్కజొన్న లారీ వస్తే రెండు బస్తాలు చూసి దించేయొద్దు. విషం గుప్పెడు గింజల్లో గూడు కట్టుకుంటుంది కదా. పైన, మధ్య, అడుగు వరుసల్లో కనీసం పది పదిహేను బస్తాల్లోకి గొట్టం గుచ్చి, మొత్తం ఐదు కిలోలు పోగు చేసి, అంతా మరపట్టించి బాగా కలిపాకే అరకిలో పరీక్షకు పంపాలి. మరపట్టించకుండా గుప్పెడు గింజలు పంపితే ఆ నివేదిక లాటరీ టికెట్టే. నల్లని లైటు (అతినీలలోహిత దీపం) కింద మొక్కజొన్న పచ్చగా మెరిస్తే బూజు ఉందని అర్థం. మెరవకపోతే విషం లేదని అర్థం కాదు.

కోళ్ల మందు కలిపిన దాణా తీసిన వెంటనే అదే మిక్సర్‌లో పశుదాణా ఆడించొద్దు. మధ్యలో మిక్సర్ పట్టేదాంట్లో పదో వంతు తౌడు వేసి తిప్పి, ఆ తౌడును మళ్లీ అదే మందు దాణాకే వాడండి. కోళ్లకు కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు రాకుండా వేసే మొనెన్సిన్ కొంచెం మిగిలి గుర్రం తిన్నా చచ్చిపోతుంది.

ప్రతి బ్యాచ్‌కు నంబరు వేసి, అందులో ఏ లారీ చెక్క, ఏ లారీ మొక్కజొన్న పడ్డాయో అదే వరుసలో రాయండి. అరకిలో నమూనా మూట కట్టి గడువు దాటాక ఇంకో నెల ఉంచండి. రికార్డు పనిచేస్తుందో లేదో తెలియాలంటే ఓ రోజు గడియారం పెట్టుకుని పాత బ్యాచ్ ఒకటి ఎంచి, అది ఏయే దుకాణాలకు పోయిందో వెతకండి. రెండు గంటల్లో తేలకపోతే ఆ పుస్తకం ఇంకా రికార్డు కాలేదు.

ప్రశ్న: రొయ్యల చెరువులో మందు వాడితే పట్టుబడికి ఎన్ని రోజులు ఆగాలి?
— రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే నిషేధిత యాంటీబయాటిక్‌లకు ఆగే రోజులంటూ లేవు. ఏ మోతాదులోనూ, ఎప్పుడూ వాడకూడదు. ఎగుమతి సరుకులో ఆనవాలు దొరికినా కంటైనర్ తిరిగొస్తుంది. అనుమతి ఉన్న మందుకు లేబుల్ మీద ఉన్న గడువే గడువు. గడువు తేల్చని మందుకు మన డ్రగ్స్ రూల్స్ చేపల మాంసానికి పెట్టిన కనీస లెక్క 500 డిగ్రీ రోజులు. అంటే నీటి సగటు ఉష్ణోగ్రతతో 500ను భాగించాలి. 28 డిగ్రీలుంటే 18 రోజులు, చలికాలంలో 25కు పడితే 20 రోజులు. రొయ్యకు అంతకన్నా తగ్గించొద్దు. పాలకు, గుడ్లకు అదే నియమంలో కనీసం 7 రోజులు, కోళ్ల, పశువుల మాంసానికి 28. చెరువులో వేసిన ప్రతి ప్యాకెట్, "ప్రోబయోటిక్" అని అమ్మినదైనా సరే, ఖాళీ సంచి, బిల్లు పట్టుబడి అయ్యేదాకా దాచండి. ఆనవాలు దొరికినప్పుడు అది మీ మందులోంచి వచ్చిందా, ప్యాకెట్‌లోంచి వచ్చిందా అన్నది ఆ సంచిని పరీక్షిస్తేనే తేలుతుంది.